పైనుంచి ఒక్క ఫోటో

బజారు వీధిలో ఫోటో స్టూడియో నడిపే ఆ మనిషిని ఊళ్లో చాలామంది కుర్రాళ్లు ‘బావ’ అని పిలుస్తారు. వాళ్లందరి అక్కల్నీ అతనేమీ పెళ్లి చేసుకోలేదు. చేసుకున్నది ఒక్కరినే. ఆమె తమ్ముడు ఊరి బయట కొండరాళ్లెక్కే జట్టుకి పెద్దదిక్కు. వాడు అక్కా అని పిలిస్తే జట్టంతా అక్కా అంది, వాడు బావా అంటే జట్టంతా బావా అంది. అలా అడక్కుండానే మన బావకి ఊరినిండా బావమరుదులు తయారయ్యారు. ఇందులో అతను సొంతంగా సంపాదించుకున్నదేమీ లేదు, అంతా ఆమె చలవే.

బావ వృత్తి మొహాలు తీయడం. పాస్‌పోర్టులకీ, ఉద్యోగాల దరఖాస్తులకీ, గుర్తింపు కార్డులకీ. తెల్లటి గుడ్డ, దాని ముందు స్టూలు, స్టూలు మీద బిగుసుకుపోయిన మనిషి. “గడ్డం కొంచెం దించండి. చెవులు రెండూ కనపడాలి. నవ్వకండి.” ఈ మూడు ముక్కలతోనే ఇన్నేళ్లూ సంసారం లాక్కొచ్చాడు. ఆమె కూడా అలాగే ఒకనాడు పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంది. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసేది. నవ్వకండి అంటే నవ్వింది. మళ్లీ అంటే మళ్లీ నవ్వింది. ఆమె వేళ్ల చివర చర్మం లేచిపోయి, టేపు చుట్టి ఉండటం చూసి ఏ ఫ్యాక్టరీలో చేస్తారండీ అని అడిగాడు. రాళ్లెక్కుతానంది. అదేం ఉద్యోగమండీ అన్నాడు. ఇక ఆ పూట ఆమె నవ్వు ఆగలేదు. ఫోటోలన్నీ పాడయ్యాయి గానీ పెళ్లి మాత్రం కుదిరింది.

పెళ్లయ్యాక ఆమెతోపాటు ఒక ఇనపబీరువా నిండా సామాను వచ్చింది. తాళ్లు, నడుముకీ తొడలకీ కలిపి కట్టుకునే హార్నెస్‌లు, కొక్కేలు, రాతి పగుళ్లలో ఇరికించే పరికరాలు. బావ మొదటిరోజు ఒక కొక్కెం తీసి దాని నోరు నొక్కి వదిలాడు. టక్కుమని మూసుకుంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ టక్కుమంది. బొమ్మ దొరికిన పిల్లాడిలా ఆ సాయంత్రమంతా అదే పని, ఆమె విసుగొచ్చి లాక్కునేదాకా. కెమెరాలతో బతికే మనిషికి మంచి పనితనం వేలికొసలకే తెలిసిపోతుంది. పగుల్లో పెట్టి వదిలితే రెక్కలు విచ్చుకుని రాతిని కరుచుకునే ఒక పరికరం ఉంది, ఎంత బలంగా లాగితే అంత గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని వచ్చినవాళ్లందరికీ రెండు పుస్తకాల మధ్య పెట్టి చూపించి, లాగండి లాగండి అని ప్రాణం తీసేవాడు. చుట్టాలు మాత్రం, ఈయన పెళ్లి చేసుకుంది పిల్లనా, బీరువానా అని నవ్వుకునేవాళ్లు.

అన్నిట్లోకీ అతనికి ముద్దొచ్చేది తాడు మీద కిందికి దింపే పరికరం. దాని పిడిని కాస్త లాగి పట్టుకుంటే మనిషి మెల్లగా దిగుతాడు, వదిలేస్తే ఎక్కడివాడక్కడ ఆగిపోతాడు. అంతేకాదు, భయపడిపోయి పిడిని మరీ గట్టిగా లాగేసినా ఆగిపోతాడు. ఇది తెలిసిన రోజు బావ ఆనందం అంతా ఇంతా కాదు. “చూశావా, ఎవరో పిరికివాళ్ల గురించి కూడా ఆలోచించి చేశారు,” అన్నాడు. “నీ గురించే,” అంది ఆమె.

ఆ మాటలో అబద్ధం లేదు. బావకి ఎత్తంటే భయం. స్టూడియోలో బల్బు మార్చడానికి స్టూలెక్కితే కళ్లు తిరుగుతాయి, ఆ బల్బులన్నీ ఆమే మార్చేది. వారం వారం ఆమె వెంట కొండ దగ్గరికి వెళ్లేవాడు, తాళ్లు దులిపేవాడు, కొక్కేలు తుడిచేవాడు, ఎవరి హార్నెస్‌లో ఏ కుట్టు బాగుందో విడమరిచి చెప్పేవాడు. గట్టు మీద కూర్చుని ఈత పాఠాలు చెప్పడమంటే అదే. ఆ పరికరాలన్నిట్నీ మెచ్చుకున్నాడే గానీ, వాటిలో ఒక్కదానికీ తన బరువు అప్పగించలేదు. ఫోటోలన్నీ నేల మీద నిలబడే తీశాడు. కిందనుంచి పైకి తీస్తే ఏమొస్తుంది? మడమలు, ప్యాంట్లు, వీపులు. జట్టువాళ్లు అతని స్టూడియోకి ‘వీపుల స్టూడియో’ అని పేరు పెట్టారు. బావ ఫోటోలో మనిషెవరో చెప్పాలంటే ముందు ప్యాంటు గుర్తుండాలి అనేవాడు బావమరిది. రోజంతా ఊరివాళ్ల మొహాలు తీసే మనిషి ఆదివారం వచ్చేసరికి ఒక్క మొహం తీయలేకపోవడం వాళ్లకి పెద్ద వేళాకోళం.

రాళ్లెక్కేవాళ్లని ఫోటోలు తీసేవాళ్లు అలా కింద నిలబడరు. వెనకదారిన కొండపైకి నడిచి వెళ్లి, పైనుంచి తాడు మీద కొంత దిగి, అక్కడ వేలాడుతూ కిందనుంచి వచ్చే మనిషి మొహం తీస్తారు. అది బావకీ తెలుసు. ఒక ఆదివారం సాయంత్రం అతను కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రోజు ఫోటోలు సరిచేస్తుంటే ఆమె వెనకాల నిలబడి చాలాసేపు చూసింది.

“బాగున్నాయి,” అంది. “కానీ వీటిల్లో నేను ఎక్కుతున్నట్టు లేదు. నీ దగ్గర్నుంచి వెళ్లిపోతున్నట్టుంది.”

అతను వెనక్కి తిరిగాడు.

“పైనుంచి తీస్తే వస్తున్నట్టుంటుంది. ఒక్కటి తియ్యి చాలు. నేను రోజంతా మనుషుల్ని పైనుంచే చూస్తాను కదా, కుర్చీలో పడుకోబెట్టి. అలా తలెత్తి చూసే మొహంలో దాపరికమేమీ ఉండదు. నా మొహం అలా ఎలా ఉంటుందో నాకూ చూసుకోవాలనుంది.”

మరుసటి నెలలో ఆమె అతనికో హార్నెస్ కొనుక్కొచ్చింది. నీలంరంగుది, నడుం దగ్గర మెత్తటి పట్టీ, తొడల దగ్గర ఎంత కావాలంటే అంత బిగించుకునే కట్లు. తనే విప్పి, అతని నడుముకి కట్టి, కట్లు సరిచేసి, దూరం జరిగి చూసి బాగుందంది. బావ అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. కుట్లు లెక్కపెట్టాడు. విప్పి, మడిచి, బీరువాలో పెట్టాడు.

అది బీరువాలోనే ఉండిపోయింది. ఆ ఏడాది గాలి ఎక్కువగా ఉందన్నాడు. తర్వాతి ఏడాది సరైన లెన్సు లేదన్నాడు. లెన్సు వచ్చాక వెలుగు బాగాలేదు. అతను ‘నిదానమే ప్రధానం’ అంటే ఆమె ‘ఆలస్యం అమృతం విషం’ అనేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. మధ్యమధ్య బావ ఆ హార్నెస్‌ని తీసి మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టేవాడు. ఆమె దెప్పిపొడిచే మనిషి కాదు. ఏడాదికొకసారి అడిగేది, అతను తప్పకుండా అనేవాడు, అంతటితో ఆ మాట ముగిసేది. ఏళ్లు చెప్పి పోవు కదా.

దగ్గుతో మొదలైంది. ఆసుపత్రిలో నోటికి కట్టుకునే గుడ్డ పడలేదేమో అనుకున్నారు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. కొండలెక్కే మనిషికి ఇంటి మెట్ల దగ్గర ఆయాసమేమిటని తమ్ముడు పట్టుబట్టి పరీక్షలు చేయించాడు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందన్నారు, ఆలస్యమైందన్నారు. మందులు మొదలుపెట్టారు. జుట్టు పోయింది. హెల్మెట్ ఇప్పుడు చక్కగా కుదురుతోందని ఆమె అంటే తమ్ముడు బయటికెళ్లి ఏడ్చాడు.

ఒక విడత మందులు అయిపోయి రెండో విడత మొదలయ్యేలోపు ఆమెకి కొంచెం ఓపిక వచ్చింది. ఆ ఆదివారం రాయెక్కుతానంది. కష్టమైనది కాదు, ‘అత్తగారి మెట్లు’ అని జట్టు పేరుపెట్టుకున్న దారి. మొదట్లో కాస్త సతాయిస్తుంది, ఓపిక పడితే మెత్తబడుతుంది కాబట్టి ఆ పేరు. దాని సగంలో పీటలాంటి చోటొకటి ఉంది. అక్కడికి చేరినవాళ్లెవరైనా ఊపిరి తీసుకుని, తలెత్తి, తర్వాత ఏం పట్టుకోవాలా అని పైకి చూస్తారు. “నువ్వు పైన ఉండు,” అంది భర్తతో. “పీట దగ్గర తలెత్తుతాను.” ఈసారి అతను గాలి, వెలుగు అనలేదు. సరేనన్నాడు.

ఆ ఉదయం బావ నీలం హార్నెస్ కట్టుకుని, కెమెరా మెళ్లో వేసుకుని, వెనకదారిన కొండపైకి వెళ్లాడు. బావమరిది రెండు చోట్ల తాళ్లు బిగించి, పరికరం తగిలించి, ముడులు చూసి, కట్లు చూసి, ఇంకోసారి చూశాడు. ఇక చేయాల్సింది ఒక్కటే. అంచు మీద కాళ్లు ఆనించి వెనక్కి వాలాలి.

“బరువు తాడుకిచ్చెయ్ బావా,” అన్నాడు వాడు. “నువ్వు పట్టుకోవాల్సిన పనేం లేదు. అదే పట్టుకుంటుంది.”

ఆ తాడు ఎంత బరువు మోస్తుందో బావకి తెలుసు. ఆ కుట్టు ఎందుకు తెగదో తెలుసు. తెలిసినదంతా బుర్రలోనే ఉండిపోయింది, కాళ్లదాకా దిగలేదు. ఒకసారి వాలబోయాడు, రెండోసారి ప్రయత్నించాడు, చివరికి అంచుకి ఇవతల రాతి మీద కూలబడ్డాడు. కింద ఆమె హెల్మెట్ పెట్టుకుని, తాడు కట్టుకుని, తలెత్తి ఎదురుచూస్తోంది. కేకేసి అడిగే ఊపిరి లేదు ఆమెకి. బావమరిది ముడి విప్పాడు. అతను వెనకదారినే దిగి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

“ఏం పర్లేదు,” అంది. “కిందనుంచే తియ్యి. అలవాటైన పనేగా.” ఆమె గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేదని అతను తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆమె ఎక్కింది, మెల్లగా, ప్రతి పట్టు దగ్గరా ఆగుతూ. పీట దగ్గరికి చేరాక పైకి చూడలేదు. పైన ఎవరూ లేరు కదా. అతనికి మొహం కనపడాలని మెడ తిప్పి, భుజం మీదుగా కిందికి చూడబోయింది. హెల్మెట్ అడ్డం, భుజం అడ్డం. బావ బటన్ నొక్కాడు. సాయంత్రం చూసుకుంటే ఆ ఫోటోలో ఒక చెంప అంచు, ఒక చెవి వచ్చాయి. “ఒకటే చెవి. ఇది పాస్‌పోర్టు ఆఫీసులో తిరగ్గొడతారు,” అని ఆమె నవ్వబోయింది, దగ్గు తెర కమ్ముకొచ్చింది.

ఆమె రాయెక్కడం అదే ఆఖరు.

ఏడాదికోసారి జట్టు సామానంతా వాళ్లింటి ముందుగదిలో దుప్పటి మీద పరిచి తనిఖీ చేయడం అలవాటు. తాడంతా జానెడు జానెడుగా వేళ్ల మధ్య నుంచి పోనిచ్చి చూస్తారు. దెబ్బతిన్నవీ, కాలం తీరినవీ అక్కడికక్కడే కత్తిరించేస్తారు. పారేస్తే ఎవరో తెలియకనో, ఇంకా బాగానే ఉంది కదా అనో తీసి కట్టుకుంటారని భయం. ఆ ఏడాది కూడా చేశారు. ఆమె గోడవారగా మంచం మీద దిండ్లకి ఆనుకుని చూస్తోంది. బావమరిది నీలం హార్నెస్ చేతిలోకి తీసుకుని, లోపల కుట్టిన చీటీ చదివాడు.

“బావా, దీని కాలం అయిపోయింది.”

“కొత్తదిరా అది. ఎవర్నీ మోసిందే లేదు.”

“మోయకపోయినా అయిపోతుంది బావా. దారమే కదా. పదేళ్లయింది. బీరువాలో ఉన్నా దాని వయసు దానికి అయిపోతుంది.”

బావ చెయ్యి చాపి దాన్ని తీసుకోబోయాడు, ఎక్కడో దాచుకుందామనే. అప్పుడు ఆమె మంచం మీదనుంచి “ఇలా ఇవ్వు, కత్తెర కూడా,” అంది. వద్దక్కా అన్నాడు తమ్ముడు. “తెచ్చిన రోజు విప్పింది నేను. కోసేది కూడా నేనే.” ఆ పట్టీలు తేలిగ్గా తెగేవి కావు, ఆమె చేతుల్లో బలం లేదు. సాయం వస్తే తల అడ్డంగా ఊపింది. కొంచెం కొంచెంగా, ఆగి ఊపిరి తీసుకుంటూ, నడుం పట్టీనీ తొడ పట్టీలనీ కోసింది. గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ముక్కలు దుప్పటి మీద పెట్టి, కత్తెర పక్కన పెట్టి, భర్త వైపు చూసింది.

“నాది నువ్వు తీసుకో. నడుం దగ్గర కాస్త వదులు చేసుకుంటే సరిపోతుంది. దానికింకా వయసుంది.”

బావ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నీళ్ల చప్పుడులో ఏడ్చాడు.

ఆమె ఎక్కువ రోజులు ఉండలేదు. పోయాక చుట్టాలకి కావలసిన ఫోటో దొరికింది, పెళ్లినాటిది. జట్టుకి మాత్రం ఆమె రాతి మీద ఉన్న ఫోటో కావాలి, తాము సాధన చేసే హాలు గోడకి పెట్టుకోవడానికి. బావమరిది వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, బావ పక్కన కూర్చున్నాడు. ఏళ్లకేళ్ల ఆదివారాలు తెర మీద కదిలాయి. ఎర్ర ప్యాంటు, బూడిదరంగు ప్యాంటు, జడ ఉన్న వీపు, జడ లేని వీపు. ఎక్కడా మొహం లేదు. చివరికి ఆ ఒంటిచెవి ఫోటో దగ్గర వాడు ఆగిపోయాడు.

“పర్లేదు బావా,” అన్నాడు. “అక్క వీపైనా మాకు తెలుస్తుంది.”

వాడు ఓదార్చడానికే అన్నాడు. బావకి ఆ పూట ముద్ద దిగలేదు. ఆమె చెప్పినట్టే ఉంది, ప్రతి ఫోటోలోనూ ఆమె అతని దగ్గర్నుంచి వెళ్లిపోతోంది, అతను నేల మీద నిలబడి శ్రద్ధగా, ఏ వెలుగూ తప్పకుండా, దాన్నంతా తీసిపెట్టుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి బావమరిది ఆమె పేరు మీద ‘అత్తగారి మెట్లు’ ఎక్కుతానన్నాడు. నీ ఇష్టం వచ్చిన చోటునుంచి ఫోటో తియ్యి బావా అన్నాడు. బావ పైనుంచే తీస్తానన్నాడు. “చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది కదరా,” అని అతనే అన్నాడు.

ఆమె హార్నెస్ నడుం దగ్గర వదులు చేస్తుంటే కుట్ల సందుల్లోనుంచి తెల్లటి పొడి అతని వేళ్లకి అంటింది. పట్టు జారకుండా ఆమె చేతులకి రాసుకునే సుద్దపొడి. ఆ చేతిని అతను తుడుచుకోలేదు. బావమరిది తాళ్లు బిగించి కిందికెళ్లాక అంచు మీద నిలబడ్డాడు. భయం ఎక్కడికీ పోలేదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడం దేనికని మనసులో అనుకుని, కళ్లు మూసుకుని, వెనక్కి వాలాడు. తాడు పట్టుకుంది. హార్నెస్ తొడల కింద బిగుసుకుని, మనిషిని కూర్చోబెట్టినట్టు మోసింది. పిడి మరీ గట్టిగా లాగేశాడు. పరికరం ఆపేసింది. గాలిలో వేలాడుతూ బావ ఆ పరికరాన్ని చూసి పెద్దగా ఏడ్చాడు. ఇంతేనా? ఇంతమాత్రానికా అన్నేళ్లు?

కింద బావమరిది ఎక్కడం మొదలుపెట్టాడు, జట్టులో ఒకమ్మాయి తాడు పట్టింది. పీట దగ్గరికి చేరి, ఊపిరి తీసుకుని, వాడు తలెత్తాడు. ఆమె నుదురే వాడిది. తర్వాతి పట్టు కోసం వెతుకుతూ కింది పెదవి పంటితో పట్టాడు, ఆమెకీ ఉన్న అలవాటే. పైకి చూసే మొహంలో దాపరికం ఉండదన్న మాట నిజమే. బావ ఫోటో తీశాడు. చెవులు రెండూ వచ్చాయి.

వాడు బావని దాటి పైకి వెళ్లిపోయాక, ఇక దిగుతావా బావా అని పైనుంచి అడిగాడు. బావ కాసేపు ఆగమన్నాడు. ఖాళీ పీట వైపు కెమెరా తిప్పి ఇంకొక ఫోటో తీసుకున్నాడు.

బావమరిది ఫోటో హాలు గోడకెక్కింది. ఖాళీ పీట ఫోటోని బావ స్టూడియోలో పెట్టుకున్నాడు, స్టూలు మీద కూర్చున్నవాళ్లకి ఎదురుగా. ఫోటో కోసం వచ్చినవాళ్లు దాన్ని చూసి, ఉత్త రాయిని తీశారేంటి, ఇందులో ఎవరూ లేరే అంటుంటారు.

“ఇంకా రాలేదండి,” అంటాడు బావ. గడ్డం కొంచెం దించమంటాడు. చెవులు రెండూ కనపడేలా జుట్టు వెనక్కి తోసుకోమంటాడు. నవ్వకండి అని మాత్రం ఇప్పుడు అనడం లేదు. ఎవరైనా నవ్వితే, ఆ నవ్వు దానంతటదే ఆగేదాకా కెమెరా వెనకాల ఊరికే నిలబడతాడు.